గడియ పెట్టిన చెయ్యి

ఆ మంగళవారం బడి గది తలుపుకు గడియ పెట్టింది నేనే. మా పోరాటం గురించి ఎవరు చెప్పినా కంపెనీతో మొదలుపెడతారు, లేకపోతే రోడ్డు మీద పేర్చిన రాళ్ళతో మొదలుపెడతారు. నేను గడియతో మొదలుపెడతాను. గనుల్లో పనిచేసే అన్నలు, యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు ఇంతమంది వినడానికి వచ్చి కూచున్నారు. మీ ముందు నన్ను నేను మంచిదాన్ని చేసుకుని చెప్తే ఆ చెప్పడం ఎందుకూ పనికిరాదు.

నా పేరు సెబెరినా. మాది తోలాపంపా. ఇరవై రెండు మంది ఆడవాళ్ళున్న అప్పు సంఘానికి నేను ప్రెసిడెంటుని.

రెండు వారాలకోసారి కిస్తీ. ఒక్కరిది తగ్గినా అందరిదీ తగ్గినట్టే. మొత్తం పూర్తయ్యేదాకా ఎవరూ గది దాటకూడదు. ఈ ఆఖరి నియమం ఏ కాగితం మీదా లేదు. అప్పులిచ్చే కంపెనీ తరఫున వచ్చే ఒస్వాల్దో నోటితో చెప్పాడు. అతను ఇంజనీరు కాదు. కానీ పట్నం నించి మెరిసే బూట్లేసుకుని వచ్చిన ప్రతివాణ్ణీ మేం ఇంజనీరు గారూ అనే పిలుస్తాం.

"ప్రెసిడెంటు గారూ, కాస్త తలుపెయ్యండి" అనేవాడు నవ్వుతూ. నేను వేసేదాన్ని. ఆరో తరగతి దాకా చదివిన దాన్ని. ఊళ్ళో మొదటిసారి ఒక మగవాడు నన్ను 'గారూ' అన్నాడు. ఆ ఒక్క మాటకి ఎంత అమ్ముడుపోయానో అప్పట్లో తెలియలేదు.

ఆ రోజు నికనోరా దగ్గర కిస్తీ లేదు. నికనోరా మా పక్కింటిది. నా రెండో కూతురికి పుట్టువెంట్రుకలు తీసింది ఆమే. అప్పట్నించీ ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఆమె చంటిదానికి మూడో నెల. బిడ్డకి పాలిచ్చి, అత్త దగ్గర పడుకోబెట్టి, గంటలో వస్తానని చెప్పి వచ్చింది. తొమ్మిదింటికి వచ్చిన మనిషి మధ్యాహ్నం పన్నెండయినా గదిలోనే ఉంది.

అత్త బిడ్డనెత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. బిడ్డ గుక్క పట్టి ఏడుస్తోంది. కిటికీకి ఇనప చువ్వలు. ముసలామె బిడ్డని చువ్వలకి ఆనించి పట్టుకుంది. లోపల్నించి నికనోరా బల్లెక్కి నిలబడింది. అందలేదు. ఆమె రవిక రెండు పక్కలా తడిసిపోయింది.

"తలుపు తియ్యి వదినా. పాలిచ్చి మళ్ళీ వచ్చి కూచుంటా. ఎక్కడికి పారిపోతానే, ఈ మైదానంలో దాక్కోడానికి పొదైనా ఉందా?"

నేను ఒస్వాల్దో వైపు చూశాను. అతను గడియారం చూసుకున్నాడు.

"నాదేముందమ్మా. మీ సంఘం, మీ ఇష్టం. ఇవాళ ఒకరికి తీస్తే రేపు అందరికీ తియ్యాలి. వచ్చే విడత అప్పు ఆగిపోతే మాత్రం నన్నడక్కండి."

అంతే. వెంటనే గదంతా నికనోరా మీద పడింది. "ఎక్కడన్నా తెచ్చి కట్టరాదుటే, మా ఇళ్ళలో పిల్లలు లేరా?" "మంద తోలుకురావాలి నేను, నీ మొహం చూస్తూ కూచోనా?" ఒస్వాల్దోని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నేనూ అనలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

చివరికి అతనే అడిగాడు. "ఇంట్లో ఏముంది?"

"లామాలున్నాయి" అన్నారెవరో. ఆ మనిషి పేరు చెప్పను. ఆమె అనకపోతే నేనే అనేదాన్ని.

అందరం కలిసే వెళ్ళాం. దొడ్డిలోంచి ఉన్నికీ మోతకీ పెంచుకునే ఆ జీవాలు నాలుగింటిని విప్పాం. చెవులకి ఎర్ర ఉన్ని కుచ్చులు కట్టి ఉన్నాయి. నికనోరాకి చిన్నప్పుడు పుట్టువెంట్రుకలు తీసిన నాడు మేనత్త కానుకిచ్చిన ఆడ లామా పిల్లకి పుట్టిన సంతానం అవి. అలాంటి జీవాన్ని మా ఊళ్ళో మొగుడు కూడా అమ్మకూడదు. మా తాతలనాటి కట్టుబాటు అది. దాన్ని మేం ఇరవై ఒక్కమందిమి చేతులారా తెంపి, కంపెనీ లారీ ఎక్కించాం.

నికనోరా మట్టిలో కూచుని బిడ్డకి పాలిస్తూ చూసింది. ఏడవలేదు. నేను ఆఖరిదాన్ని లాక్కెళ్తుంటే ఒక్క మాటంది.

"ప్రెసిడెంటు గారూ, ఆ తాడు నా చేత్తో పేనింది. తాడు లెక్కలో లేదు. ఇచ్చి పో."

తాడు విప్పి ఆమె ఒళ్ళో పెట్టాను.

*

జూన్ వచ్చింది, నడి చలికాలం. మంచు గడ్డకట్టే రోజులు. ఆ నెలలో బంగాళాదుంపలు నేల మీద పరుస్తాం. రాత్రి మంచుకి అవి రాయిలా బిగుస్తాయి, ఎండ తగలగానే మెత్తబడతాయి. అప్పుడు పాదాలతో తొక్కి నీళ్ళు పిండాలి. ఎండితే ఏళ్ళ తరబడి తిండికి ఢోకా ఉండదు. ఈ పని ఒకరి చేలో ఒకరం బదులుకి చేస్తాం. పోయినేడు నా దుంపలు నికనోరా తొక్కింది. ఈ ఏడు నేను తొక్కాలి. ఆమెకి నా మొహం చూడాలని లేకపోయినా, బదులుకి వచ్చిన కాళ్ళని పొమ్మనకూడదు.

అయిదుగురం తొక్కుతున్నాం. పాదాలు మొద్దుబారిపోయాయి. చివరికి నేనే నోరు తెరిచాను.

"అసలా అప్పు డబ్బు నువ్వు కళ్ళతో చూశావా వదినా?"

నికనోరా తొక్కుడు ఆపలేదు. "ఎందుకు చూళ్ళా. ఆఫీసులో నా చేతిలో పెట్టారు. ఫొటో తీశారు. మెట్లు దిగ్గానే ఎలీసియో చెయ్యి చాపాడు. ఆ ఆఫీసుకి నాలుగు మెట్లు. నాలుగు మెట్ల దాకా నేను డబ్బున్న ఆడదాన్నే."

ఎలీసియో ఆమె మొగుడు. ఆ డబ్బుతో ఒక మినీబస్సులో వాటా కొన్నాడు. మూడో నెలలో దాని ఇంజను ఒరురో పట్నం రోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు. బస్సు సంగతి అతను నికనోరాకి చెప్పింది కూడా ఆగిపోయాకే.

"నాకు మొగుడు కూడా లేడాయె" అంది తిమోతియా. ఆమె విధవరాలు, నోటి దురుసు మనిషి. "మొగుడు లేకపోతే ఏం, కొడుకు లేడూ! తీసుకుని చిలీ పోయాడు. డబ్బుకి మగాడి జేబుకి దారి ఎవరూ చూపించక్కర్లేదమ్మా, గాడిద ఇంటికి పోయినట్టు అదే పోతుంది."

నవ్వాం. నవ్వుతూనే ఒక్కొక్కరూ చెప్పారు. ఒకామెది మరిది పెళ్ళికి పోయింది. ఒకామెది ఊరి జాతరలో మొగుడు నాట్యానికి కుట్టించిన దుస్తులకి పోయింది. నాది ఇంటి మీద రేకులకి పోయింది. రేకులు కావాలని ఫౌస్తినో అన్నాడు, నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే నన్నడగలేదు. రేకులు తెచ్చాక చెప్పాడు.

"మా అమ్మ బతికున్నప్పుడు ఇంటి డబ్బు పావడా మడతలో ఉండేది" అంది తిమోతియా. "ఉన్ని అమ్మినా, గొర్రెనమ్మినా మా నాయన తెచ్చి ఆమె చేతిలో పొయ్యాల్సిందే. నమలడానికి కోకా ఆకు కొనుక్కోవాలన్నా 'ఏమే, రెండు పెసోలియ్యి' అని అడుక్కునేవాడు. ఇప్పుడు చూడు, కంపెనీ గోడ నిండా బొమ్మ. 'ఆమె నిర్ణయిస్తుంది' అని రాశారు. ఏం నిర్ణయించానే నేను? ఏ వేలు ముద్ర వెయ్యాలో కూడా వాడే పట్టుకుని వేయించాడు."

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ మాట ఆమె నవ్వులాటకే అంది. కానీ అందులో అంతా ఉంది. అప్పు మగాళ్ళకే ఇవ్వొచ్చుగదా, మా పేరెందుకు? మగాడు కోపమొస్తే సరిహద్దు దాటి పోతాడు. ఆడది మందని, చంటిపిల్లని, అత్తని వదిలి పోదు. ఇరుగుపొరుగు నోటికి సిగ్గుపడుతుంది. కంపెనీ మా దగ్గర తాకట్టు పెట్టుకున్నది పొలాన్ని కాదు, ఆ సిగ్గుని. దాన్ని వసూలు చెయ్యడానికి ఒక కాపలాదారు కావాలి. ఆ పనికి నన్ను పెట్టుకున్నారు, జీతం లేకుండా.

ఇదంతా గబగబా చెప్పేశాను. నికనోరా అప్పుడు నా వైపు తిరిగింది.

"బాగానే కనిపెట్టావు ప్రెసిడెంటు గారూ. ఆ మంగళవారం తలుపు దగ్గర కనిపెట్టి ఉంటే ఇంకా బాగుండేది."

*

ఆ వారమే కొత్త సంగతి తెలిసింది. కంపెనీ ఊరికి ట్రాక్టరు ఇప్పిస్తుందట. అప్పు మళ్ళీ ఆడవాళ్ళ పేర్ల మీదే. అయితే ఈసారి ఊరి సభ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఎవరు కిస్తీ తప్పినా వాళ్ళ జీవాల్ని, వాళ్ళు దున్నుకునే చెక్కని ఊరే స్వాధీనం చేసుకుని కంపెనీకి అప్పగించాలి. ఊరి సభ అంటే ఇంటికొక మగాడు. వాళ్ళకి ట్రాక్టరు కలలోకొస్తోంది.

ఇంట్లో ఫౌస్తినోతో వాదన పడింది. మా ఆయన గని కార్మికుడు. గని మూసేసి రోడ్డున పడేస్తే ఊరికి తిరిగొచ్చాడు. యూనియన్‌లో పనిచేసినవాడు, మాటల్లో నన్ను తేలిగ్గా పడగొడతాడు.

"కంపెనీ మీద కొట్లాడు, నీ పక్కన నిలబడతా. మగాళ్ళ జోలికి మాత్రం రాకు. పేదోళ్ళని మొగుడూ పెళ్ళాం అని చీలిస్తే లాభం ఎవరికి? దొరకే."

"చీల్చింది నేనా? నీ గనిలో సమ్మె చెయ్యాలంటే ఎవరు ఓటేశారు?"

"కార్మికులు. ఎవరి చేతులు పనిచేస్తాయో వాళ్ళు."

"మరి ఈ అప్పు ఎవరి చేతులు తీరుస్తున్నాయి?"

అతను పొయ్యిలో పిడక తోశాడు.

"రేకులు అందరికోసం వేశా సెబెరినా. నీ నెత్తిన కూడా వాన పడకూడదనే."

"తెలుసు. మంచికే వేశావు. అడిగి వేసుంటే ఆ మంచి మనిద్దరిదీ అయ్యేది."

అతను తిండి కూడా తినకుండా మంద దగ్గరికి పోయాడు. మంచివాడితో కొట్లాడ్డమే కష్టం. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు.

*

ఆదివారం సభ. ఊరి పెద్ద కాసిమిరో ఎర్ర శాలువా కప్పుకుని, పెద్దరికం గుర్తుగా మెడలో కొరడా వేసుకుని బల్ల దగ్గర కూచున్నాడు. మా ఊళ్ళో పెద్దరికం ఒంటరి మగాడికి ఇవ్వరు. మొగుడూ పెళ్ళానికి కలిపి ఇస్తారు. ఆయన పక్కనే నేల మీద ఆయన భార్య హుస్తా పెద్దమ్మ కోకా ఆకుల గుడ్డ ముందు పరుచుకుని కూచుంది. ఏడాదిన్నరగా ప్రతి సభలోనూ అలాగే కూచుంటోంది. ఆమె గొంతు సభలో ఎవరూ వినలేదు.

గోడ వారన ఆడవాళ్ళం కూచున్నాం. ఎప్పుడూ ఏడెనిమిది మందే వస్తారు. ఆ రోజు యాభైమందికి పైనే వచ్చాం. నాలుగు రోజులుగా నేను, తిమోతియా ఇల్లిల్లూ తిరిగాం. కొన్ని ఇళ్ళలో కుక్కని వదిలారు. నికనోరా మాతో తిరగలేదు. కానీ వచ్చింది.

ఒస్వాల్దో కాగితం చదివాడు. ట్రాక్టరు బొమ్మ చేతుల మీదుగా తిప్పాడు. కాసిమిరో పెన్ను అందుకున్నాడు. "ఎవరికైనా అభ్యంతరముందా?"

తిమోతియా లేచింది. విధవరాలు కాబట్టి ఇంటి తరఫున మాట్లాడే హక్కు ఆమెకొక్కదానికే ఉంది.

"నాకుంది. నా మొగుడు పోయాడు కాబట్టి నేను మాట్లాడొచ్చు. ఇదుగో, వీళ్ళందరూ మాట్లాడాలంటే ఏం చెయ్యాలో చెప్పండి. మొగుళ్ళు చావాలా?"

సభ గొల్లుమంది. కొందరు తిట్టారు. "దాని నోరు కట్టెయ్యండ్రా!" అని వెనకనించి ఎవరో అరిచారు.

"కట్టెయ్యి. కిస్తీ మాత్రం ఆ నోరే కట్టాలి" అంది తిమోతియా.

ఎలీసియో ముందుకొచ్చాడు. మొహం కందిపోయింది. "ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుంటాం. నా పెళ్ళాం పేరు మీది అప్పు నా ఇష్టం. మధ్యలో ఈ ముండలెవరు?"

అప్పుడు నికనోరా లేచింది. బిడ్డ వీపున మూటలో నిద్రపోతోంది.

"నీ ఇష్టమేనా? అయితే కిస్తీకి నువ్వే పో. బడి గదిలో నువ్వే కూచో. బిడ్డేడుస్తుంటే చువ్వల్లోంచి నువ్వే పాలియ్యి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మగాళ్ళు చాలామంది నేల చూపులు చూశారు. ఆ రోజు కిటికీ దగ్గర ఏడుపు ఊరంతా విన్నదే.

ఒస్వాల్దో గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, మీ ఇంటి గొడవలతో కంపెనీకి సంబంధం లేదు."

"సంబంధం లేకపోతే మా ఇంటి దాకా ఎందుకొచ్చావు నాయనా?" అంది ఒక గొంతు.

అందరం తిరిగి చూశాం. అది హుస్తా పెద్దమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, కూచున్న చోట్నించి లేవలేదు. మొగుడి వైపు మొహం తిప్పింది.

"కాసిమిరో, నీ మెడలో ఆ కొరడా వేసిన రోజే నా భుజం మీద ఈ శాలువా వేశారు. ఒకే పూట, ఒకే పూజారి. ఈ కాగితం సంగతి నన్నడిగావా?"

"ఇంట్లో చెప్పాను గదే."

"చెప్పావు. అడగలేదు."

ఆమె కోకా గుడ్డ నాలుగు మూలలూ మడిచింది. మా కట్టుబాటులో ఆ గుడ్డ మడిస్తే సభ అయిపోయినట్టు. ఆమె ఆ పని తనంతట తాను చెయ్యడం ఎవరూ చూడలేదు. కాసిమిరో కాసేపు పెన్ను పట్టుకునే కూచున్నాడు. తరవాత దాన్ని బల్ల మీద పెట్టి, కాగితం ఒస్వాల్దో వైపు తోశాడు.

అక్కడే నిలబడి తీర్మానం చేసుకున్నాం. నికనోరా లామాలు తిరిగొచ్చేదాకా ఇరవై రెండు మందిలో ఎవరూ కిస్తీ కట్టం. ఏ గదిలోనూ ఎవరినీ పెట్టి తలుపెయ్యం. మేం చూడని డబ్బుకి, మమ్మల్ని అడగని ఖర్చుకి ఇకమీద వేలి ముద్ర వెయ్యం. ఇంటికి సంబంధించిన ఏ కాగితమైనా ఇద్దరూ కలిసి ఒప్పుకుంటేనే ఊరు ఒప్పుకుంటుంది. సగంమంది మగాళ్ళు కాండ్రించి ఉమ్మేసి వెళ్ళిపోయారు. ఫౌస్తినో వెళ్ళలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. అలా నిలబడే ఉన్నాడు.

*

గెలిచామనుకుని ఇంటికి పోలేదు మేం. ఆ వారంలో ముగ్గురికి దెబ్బలు పడ్డాయి. ఇద్దరు వచ్చి, "మా వల్ల కాదక్కా, మా పేర్లు తీసెయ్యి" అన్నారు. నికనోరా పెదవి చిట్లింది.

పొద్దున్నే హుస్తా పెద్దమ్మ ఆరుగురిని వెంటబెట్టుకుని ఎలీసియో ఇంటికి పోయింది. వాకిట్లో వరసగా కూచున్నాం. ఎవరం ఒక్క మాటా అనలేదు. కదుళ్ళు తీసి ఉన్ని వడుక్కుంటూ కూచున్నాం. అతను బయటికొచ్చి అరిచాడు, లోపలికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. "ఏం కావాలే మీకు?" పెద్దమ్మ నూలు తెగకుండా చూసుకుంటోంది. సూర్యుడు వాలేదాకా అలాగే కూచుని, లేచి వచ్చేశాం. మర్నాడూ పోయాం. మూడో రోజు అతను ఇంట్లో లేడు. ఊళ్ళో లేడు.

మంగళవారం ఒస్వాల్దో వచ్చాడు. బడి ముందు ఎండలో కూచున్నాం. చేతులు ఖాళీ. అతను నవ్వడం మానేసి, మా పేర్లు రాసుకుని పోయాడు. ఈలోగా శుక్రవారం సంతలో మావాళ్ళు ఊరుకోలేదు. ఉన్ని అమ్మే చోట, ఉప్పు కొనే చోట, పక్క ఊళ్ళ సంఘాల వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పారు. "మీ దగ్గర కూడా తలుపేస్తారా?" అంటే, "మీ దగ్గర కూడానా?" అన్నారు వాళ్ళు. ప్రతి ఊరూ ఆ సిగ్గు తన ఒక్క ఊరిదే అనుకుంది.

పై సోమవారం మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. కిస్తీ ఎగ్గొట్టినందుకనుకున్నాం. కాదు. వారంటు నా ఒక్కదాని పేరు మీద. మనిషిని అక్రమంగా నిర్బంధించానని.

"కంపెనీ ఎప్పుడూ తలుపులు వెయ్యమనలేదు. అది సంఘం స్వయంగా తీసుకున్న నిర్ణయం" అని కాగితంలో ఉంది. చదివిన పోలీసాయనకే కాస్త నవ్వొచ్చింది. ఫిర్యాదు కింద వేలి ముద్ర ఎలీసియోది. ముద్ర వేస్తే అప్పు మాఫీ చేస్తామన్నారట కంపెనీ వాళ్ళు.

నాకేం కోపం రాలేదు. ఎందుకంటే అందులో తలుపేసింది నేనన్న మాట అబద్ధం కాదు.

*

మండలం పోలీసు ఠాణా రెండు గంటల నడక. నన్ను జీపులో తీసుకుపోగానే బయలుదేరిన మావాళ్ళు, నన్ను బెంచీ మీద కూచోబెట్టి ఇంకా ప్రశ్నలు అడుగుతుండగానే వచ్చేశారు. అరవైమంది దాకా. ఆవరణ నిండిపోయింది. అధికారి నికనోరాని పిలిపించాడు. బాధితురాలు ఆమే మరి. ఒస్వాల్దో కుర్చీలో కూచుని ఉన్నాడు.

కిటికీలు తెరిచే ఉన్నాయి. బయటి వాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"ఆ రోజు తలుపు గడియ పెట్టింది ఈమేనా?" అన్నాడు అధికారి.

నికనోరా నన్ను చూసింది. కాదనదని నాకు తెలుసు. కాదనాలని ఆశపడ్డాను కూడా. మీ దగ్గర దాచడం దేనికి?

"ఈమే."

అధికారి చకచకా రాసుకున్నాడు.

"మూడు గంటలు పెట్టింది. బిడ్డ గుక్క పట్టి నీలంగా మారింది. బతిమాలాను, తియ్యలేదు. అదీ రాయి."

"రాశానమ్మా. ఇదుగో, ఇక్కడ వేలు పెట్టు."

"ఆగు. అయిపోలేదు. పెట్టమన్నవాడు ఆ కుర్చీలో కూచున్నాడు. అది రాయి."

ఒస్వాల్దో కదిలాడు. అధికారి పెన్ను పైకెత్తాడు. "ఫిర్యాదులో ఆ సంగతి లేదమ్మా."

"అయితే ఆ ఫిర్యాదు నాది కాదు. గదిలో ఉన్నది నేను. పాలు కారిపోయింది నా రొమ్ములోంచి. దానికి నా మొగుడు వేలి ముద్ర వేస్తాడా? నా అప్పుకీ వాడే, నా లామాలకీ వాడే, చివరికి నా ఏడుపుకీ వాడేనా?"

"చట్టం ప్రకారం..."

"ఈమెతో నాకు తగువుంది. పెద్ద తగువే. అది మా ఊళ్ళో మేం తేల్చుకుంటాం. ఆ తగువుని నీ దగ్గర తాకట్టు పెట్టను. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తే ముద్ర వేస్తా. లేకపోతే నా వేలు నా దగ్గరే ఉంటుంది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని శాలువాలో దాచుకుంది. బయట అరవైమంది ఒక్కసారి "రాయి! రాయి!" అని మొదలుపెట్టారు. ఠాణా గోడలు అదిరాయి. అధికారి లేచి కిటికీలు మూయించాడు. రాయలేదు. నన్ను ఒరురో జైలుకి పంపమని ఉత్తర్వు వేశాడు.

జీపు ఆవరణ దాటడానికి చాలాసేపు పట్టింది. మావాళ్ళు అడుగడుగునా అడ్డం కూచున్నారు, లాగిపారేశారు, మళ్ళీ కూచున్నారు. తిమోతియా చెయ్యి విరిగింది. చివరికి జీపు రోడ్డెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే దుమ్ములో పరిగెత్తుకొస్తున్న పావడాలు కాసేపు కనిపించి మాయమయ్యాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడో ఊరి మలుపులో జీపు ఆగింది.

రోడ్డుకి అడ్డంగా రాళ్ళు. అటూ ఇటూ ఆడవాళ్ళు, వంద మంది ఉంటారో, ఎక్కువే ఉంటారో. ఒడిలో రాళ్ళు వేసుకుని ఇంకా మోసుకొస్తున్నారు. ఒక్క మొహం కూడా నేనెరిగింది లేదు.

"ఈమెని విడిపించడానికేనా?" అని గద్దించాడు పోలీసు.

ముందున్నామె నన్ను ఎగాదిగా చూసింది. "ఈమెవరో మాకు తెలీదు బాబూ. మా ఊరి లామాలు పదకొండు కంపెనీ దొడ్లో ఉన్నాయి. అవొచ్చేదాకా ఈ రోడ్డు కదలదు" అని, ఇంకో రాయి తేవడానికి పోయింది.

నా కోసం కాదు. ఆ మాట విన్నాక నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. ఒక మనిషి కోసం వచ్చినవాళ్ళు ఆ మనిషిని వదిలేస్తే ఇంటికి పోతారు. వీళ్ళు పోరు.

*

నన్ను ఆ రాళ్ళ మీదుగా నడిపించి, అవతలి నించి ఇంకో బండిలో ఒరురో జైలుకి చేర్చారు. రోడ్డు తొమ్మిది రోజులు కదల్లేదు. తొమ్మిది ఊళ్ళు కలిశాయి. ఫౌస్తినో రోజూ మూడు ఊళ్ళ అవతలికి వంట కుండ మోశాడట. దుంపలు మాడ్చేవాడని అందరూ తిట్టుకుంటూ తిన్నారట. పదకొండో రోజు నన్ను బెయిలు మీద వదిలారు. కంపెనీ దొడ్డి తలుపులు తీసింది. నికనోరావి మూడు వచ్చాయి. నాలుగోది అప్పటికే అమ్మేశారు.

నేను రాగానే సభ పెట్టారు. బల్ల దగ్గర కాసిమిరో, ఆయన పక్కన కుర్చీలో హుస్తా పెద్దమ్మ. నికనోరా నా మీద తగువు చెప్పింది. ఒక్క మాటా తగ్గించలేదు. నేను అన్నీ ఒప్పుకున్నాను. పోయిన లామాకి బదులుగా నా మందలోంచి చూలుతో ఉన్నదాన్ని ఇవ్వాలన్నారు. మూడేళ్ళు ఆమె దుంపలు తొక్కాలన్నారు. ఇచ్చాను. తొక్కుతున్నాను. ఆమె ఇంకా నన్ను వదినా అనడం లేదు. ఎలీసియో తిరిగొచ్చాడు. బస్సు ఇనుము తూకానికి అమ్మి ఆ డబ్బు ఆమె చేతికిచ్చాడు. ఏం చేసిందో నేనడగలేదు. అది ఆమె ఇష్టం.

ట్రాక్టరు రాలేదు. అప్పు పూర్తిగా పోలేదు. నా మీద కేసు కూడా పోలేదు. గురువారం వాయిదా ఉంది, ఒరురో కోర్టులో. నేరం ఒప్పుకోబోతున్నాను. తలుపేశాను, అవును. ఎవరు వెయ్యమన్నారో కూడా చెప్తాను, తొమ్మిది ఊళ్ళలో తొమ్మిది తలుపులు ఎవరి మాట మీద పడ్డాయో చెప్తాను. సాక్ష్యం చెప్పడానికి నికనోరా వస్తోంది. మిగతా ఊళ్ళ వాళ్ళు కుండలు, పిల్లలు, దుప్పట్లు కట్టుకుని బుధవారమే బయలుదేరుతున్నారు. చెప్పింది చెప్పినట్టు జడ్జి రాసుకునేదాకా ఆ కోర్టు మెట్ల మీదే వంట.

గని అన్నలూ, మీకు ఆ పూట షిఫ్టు లేకపోతే రండి. చదువుకునే పిల్లలూ, మీరు పెన్నులు తెచ్చుకోండి. జడ్జి రాయకపోతే మీరు రాయాల్సి ఉంటుంది.